ఒంటరి పట్టుదల చాలదు, నలుగురితో కూర్చోండి

ఆదోనిలో, ఎమ్మిగనూరులో ధ్యానం నేర్చుకోవాలనుకునే యువతకు కొదవ లేదు. ఫోన్లో యాప్ ఉంటుంది. తెల్లవారుజామున అలారం మోగుతుంది. మొదటి వారం ఉత్సాహంగా సాగుతుంది. తర్వాత ఒకరోజు మార్కెట్ యార్డు పనితో రాత్రి ఆలస్యమవుతుంది, ఇంకోరోజు ఇంటికి చుట్టాలొస్తారు, మరోరోజు నిద్ర ముంచుకొస్తుంది. నెల తిరిగేసరికి చాప మూలకు చేరుతుంది. "నాలో పట్టుదల లేదు, ఇది నావల్ల కాదు" అని మనసులో ముద్ర పడిపోతుంది.

ఆ ముద్ర తప్పు. పట్టుదల అందరిలోనూ కొద్దోగొప్పో ఉంటుంది. ఒంటరిగా ఉంటే తొందరగా కరిగిపోతుంది, అదే దారిలో నడిచే పదిమంది మధ్య ఉంటే నిలబడుతుంది. బౌద్ధ ధ్యాన శిబిరాల బలమంతా ఇక్కడే ఉంది. నేపాల్‌కో థాయ్‌లాండ్‌కో వెళ్లి, అందరితో కలిసి ఉంటూ ధ్యానం, ధర్మం నేర్చుకోవాలన్న కోరిక మీలో ఉంటే దాన్ని అణచుకోకండి. అయితే ఎందుకు వెళ్తున్నారో, ఎలా సిద్ధపడాలో, తిరిగొచ్చి ఏం చేయాలో ముందే తేల్చుకోండి.

మన బండ మీది మాట

పత్తికొండ దాటి జొన్నగిరి వైపు వెళ్తే ఎర్రగుడి బండలు కనిపిస్తాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు వాటిమీద బ్రాహ్మీ లిపిలో శాసనాలు చెక్కించాడు. పత్తికొండ దగ్గరే రాజులమందగిరిలో మరో శాసనం ఉంది. ఆదోనిలో రైలెక్కి రాయచూరులో దిగి, ఇంకాస్త పడమరకు పోతే మస్కి. అశోకుడి పేరు స్పష్టంగా ఉన్న శాసనం అక్కడే 1915లో బయటపడింది. బౌద్ధం ఎక్కడో హిమాలయాల్లో ఉందనుకుంటాం. మన చుట్టుపక్కల బండలే దానికి సాక్ష్యం చెబుతున్నాయి.

ఎర్రగుడి చిన్న శాసనంలో అశోకుడు తన సంగతే చెప్పుకున్నాడు. తాను బౌద్ధ ఉపాసకుడై రెండున్నరేళ్లు దాటిందట. అందులో ఒక ఏడాది ప్రయత్నం గట్టిగా సాగలేదట. భిక్షు సంఘానికి చేరువై ఏడాది పైనే అయిందట, అప్పటినుంచి కృషి బలపడిందట. అధికారం, సైన్యం, ఖజానా అన్నీ ఉన్న చక్రవర్తికి కూడా సాధకుల సాంగత్యం దొరికాకే అడుగు ముందుకు పడింది. ఇంత నిజాయితీగా తన మందగమనాన్ని రాతిమీద రాయించుకున్న రాజులు చరిత్రలో అరుదు.

అదే శాసనంలో మరో మాట ఉంది. ఈ ఫలితం గొప్పవాళ్లకే దక్కేది కాదని, చిన్నవాళ్లైనా కృషి చేస్తే అందుకోగలరని. పత్తి కమీషన్ దుకాణంలో గుమాస్తాకు, మగ్గం ముందు కూర్చునే నేతన్నకు, డిగ్రీ చదివే అమ్మాయికి ఆ మాట సూటిగా వర్తిస్తుంది.

కలిసి ఉండటంలోని బలం ఎమ్మిగనూరుకు ఒకరు నేర్పాల్సింది కాదు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేతకారుల సహకార సంఘాన్ని నెలకొల్పారు. ఎవరి ఇంట్లో మగ్గం వారిదే, ఎవరి నైపుణ్యం వారిదే. నూలు తెచ్చుకోవడంలో, బట్ట అమ్ముకోవడంలో ఒక్కరికి చేతకానిది పదిమంది కలిస్తే చేతనైంది. సాధనకూ ఇదే సూత్రం. శ్వాసను గమనించాల్సింది మీరొక్కరే. ఆ పనికి మిమ్మల్ని రోజూ కూర్చోబెట్టేది మాత్రం పక్కవాళ్ల క్రమశిక్షణ.

విహారయాత్ర అనుకోవద్దు

శిబిరం ఫొటోల్లో కొండలు, పచ్చదనం, ప్రశాంతమైన ముఖాలు కనిపిస్తాయి. దినచర్య కనిపించదు. విపశ్యన అనే బౌద్ధ ధ్యాన పద్ధతిలో పదిరోజుల కోర్సునే తీసుకోండి. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది, రాత్రి 9:30కు దీపాలు ఆరుతాయి. మధ్యలో ఎన్నో గంటలు కదలకుండా కూర్చోవాలి. మాట్లాడకూడదు, సైగలు చేయకూడదు. ఫోన్, పుస్తకం, కలం అన్నీ పక్కన పెట్టేయాలి. పంచశీలాలు పాటించాలి.

రెండో రోజుకు మోకాళ్లు, నడుము మొరపెట్టుకుంటాయి. పాత కోపాలు, బాకీలు, తెగిపోయిన స్నేహాలు వరుసగా గుర్తుకొస్తాయి. ఇంట్లో ఒంటరిగా ఉంటే ఆ క్షణంలో లేచి టీ తాగడానికి వెళ్లిపోతాం. హాలులో చుట్టూ అందరూ కూర్చుని ఉంటే, మనమూ ఇంకో పదినిమిషాలు ఓర్చుకుంటాం. ఆ పదినిమిషాల్లోనే తెలుస్తుంది, నొప్పి వచ్చినట్టే పోతుందని, కోపం కూడా అంతేనని. అప్పు అడగడానికి వచ్చినవాడి ముందు, గొంతు పెంచిన యజమాని ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు ఈ అనుభవమే అక్కరకొస్తుంది. వ్యక్తిత్వం ఎదగడమంటే ఇదే.

ముందు దగ్గర, తర్వాత దూరం

నేరుగా విదేశానికి టికెట్ కొనకండి. మొదటి శిబిరం మన దేశంలో, మన భాషలో చేయండి. ఎస్.ఎన్. గోయెంకా విపశ్యన పరంపరలో హైదరాబాద్ దగ్గర ధమ్మఖేత్త కేంద్రం 1976 నుంచి ఉంది. నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ ఉన్నాయి. బెంగళూరు రాకపోకలు అలవాటైన వారికి అక్కడి ఆలూరులో ధమ్మ పఫుల్ల ఉంది. సూచనలు, సాయంత్రం ప్రవచనాలు తెలుగులోనూ ఉన్నాయి. దరఖాస్తు చేసేటప్పుడే ఏ కోర్సులో తెలుగు వినిపిస్తారో అడిగి తెలుసుకోండి.

బోధనకు, భోజనానికి, వసతికి రుసుము లేదు. ముందు కోర్సు చేసినవాళ్లు ఇచ్చిన దానంతో మీరు తింటారు. కోర్సు పూర్తిచేశాక, మనసుకు తోస్తే, తర్వాత వచ్చేవాళ్ల కోసం మీరిస్తారు. ముక్కూమొహం తెలియనివారి అన్నం తిని కూర్చున్నామన్న గ్రహింపు మనిషిలో వినయాన్ని నాటుతుంది.

"మతం మారాలా?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. అక్కర్లేదు. ఆ హాలులో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, ఏ మతమూ లేనివాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. స్త్రీలకు, పురుషులకు వసతి, భోజనం వేర్వేరుగా ఉంటాయి. ఈ రెండు సంగతులూ అమ్మానాన్నలకు ముందే విడమరచి చెప్పండి. అడగకుండా వెళ్లిపోతే వాళ్ల ఆందోళన మీ వెంటే శిబిరానికి వస్తుంది.

విదేశంలో ఎక్కడికి?

మొదటి శిబిరం పూర్తయి, ఇంట్లో సాధన కొన్నాళ్లు నిలిచాక, దూరం గురించి ఆలోచించండి. మీ అవసరాన్ని బట్టి చోటు ఎంచుకోండి.

చదువు కావాలనుకుంటే నేపాల్. ఖాట్మండులో బౌద్ధనాథ్ స్తూపానికి ఉత్తరాన, కొండమీద కోపన్ మఠం ఉంది. లామా థుబ్టెన్ యేషే, లామా జోపా రింపోచే అక్కడ 1971లో మొదటి ధ్యాన కోర్సు నడిపారు. ఏటా నవంబరులో నెలరోజుల కోర్సు జరుగుతుంది. బోధన, ధ్యానం, చిన్న బృందాల్లో చర్చ కలగలిసి ఉంటాయి. విన్నదాన్ని ప్రశ్నించాలి, పక్కవారితో వాదించాలి, మళ్లీ కూర్చుని పరీక్షించుకోవాలి. పత్తి వ్యాపారంలో ఉన్నవారికి నవంబరు ఊపిరాడని కాలం. అలాంటివారు మిగతా నెలల్లో జరిగే చిన్న కోర్సులు చూసుకోవచ్చు. నేపాల్‌కు భారతీయులకు వీసా అక్కర్లేదు. గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి సునౌలి దగ్గర సరిహద్దు దాటితే దారిలో లుంబిని కూడా చూడవచ్చు.

నిరాడంబరత నేర్చుకోవాలనుకుంటే థాయ్‌లాండ్. బుద్ధదాస భిక్కు 1932లో స్థాపించిన సువాన్ మోక్ ఆశ్రమం దక్షిణాన చైయా దగ్గర ఉంది. దాని అంతర్జాతీయ కేంద్రంలో నెల మొదటి తేదీన మొదలయ్యే పదిరోజుల శిబిరాలు ప్రసిద్ధం. గచ్చు మీద చాప, తలకింద కొయ్య దిండు, రోజుకు రెండు పూటలే భోజనం. తలా ఒక పని, అంటే ఊడవడమో కడగడమో, పంచుకోవాలి. శ్వాసమీద ధ్యానాన్ని మెట్టుమెట్టుగా నేర్పుతారు.

కుటుంబంతో కలిసి వెళ్లాలన్న కోరిక, అందుకు తగ్గ స్తోమత ఉంటే ఫ్రాన్స్‌లో ప్లమ్ విలేజ్ ఉంది. వియత్నాం భిక్షువు తిక్ న్యాట్ హాన్ దాన్ని 1982లో నెలకొల్పారు. గంట మోగితే అందరూ చేతిలో పని ఆపి మూడు శ్వాసలు గమనిస్తారు. వేసవి శిబిరాలకు పిల్లలతో సహా వస్తారు.

ఇలా దేశాలు దాటి నేర్చుకోవడం మన నేలకు కొత్త కాదు. 5వ శతాబ్దంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు సింహళానికి వెళ్లి, అనురాధపుర మహావిహారంలో ఉండి విశుద్ధిమగ్గం అనే గ్రంథం రాశాడు. ఆయన ఆంధ్రదేశంవాడేనని కొందరు పండితుల అభిప్రాయం. 7వ శతాబ్దంలో చైనానుంచి వచ్చిన హ్యుయాన్‌త్సాంగ్ ఇప్పటి అమరావతి దగ్గరి ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి, అక్కడి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్నాడు. వాళ్లు ఆయన దగ్గర మహాయాన గ్రంథాలు చదువుకున్నారు. పరాయి చోటికి నేర్చుకోవడానికి వెళ్లేవాడు తనదైనది కొంత వెంట తీసుకెళ్లాలని హ్యుయాన్‌త్సాంగ్ చూపించాడు. మీరు కూడా ఎర్రగుడి బండను ఒకసారి కళ్లారా చూసి బయల్దేరండి. కోపన్ చర్చా బృందంలో మీ ఊరి గురించి అడిగితే, చెప్పడానికి రెండు వేల రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర మీ దగ్గర ఉంటుంది.

బయల్దేరే ముందు ఆరు పనులు

1. ఆరోగ్యం దాచకండి. దరఖాస్తులో అడిగిన ప్రతి ప్రశ్నకూ నిజం రాయండి. బీపీ, షుగర్ మందులు ఆపవద్దు. తీవ్రమైన మానసిక సమస్యకు చికిత్స తీసుకుంటున్నవారు ముందు డాక్టరును, తర్వాత శిబిర నిర్వాహకులను అడగాలి. దీర్ఘ మౌనం అందరికీ ఒకేలా పనిచేయదు.

2. పత్రాలు సరిచూసుకోండి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఆ దేశ రాయబార కార్యాలయం చెప్పేది చూసుకోండి. మధ్యవర్తుల చేతికి పాస్‌పోర్టు ఇవ్వకండి. నమోదు నేరుగా ఆశ్రమంతోనే చేసుకోండి.

3. భాషకు భయపడకండి. కోపన్‌లో, సువాన్ మోక్‌లో బోధన ఇంగ్లిష్‌లో సాగుతుంది. బుద్ధుడి సూక్తుల పుస్తకం ధమ్మపదం తెలుగు అనువాదం ముందే చదవండి. విషయం తెలుగులో ఒంటబట్టాక ఇంగ్లిష్ మాట దానంతటదే అర్థమవుతుంది.

4. అప్పు చేసి వెళ్లకండి. వడ్డీ లెక్క తలలో తిరుగుతుంటే శ్వాస లెక్క నిలవదు. ఏడాదో రెండేళ్లో పొదుపు చేయండి. ఆ పొదుపు కూడా సాధనే.

5. ఇంటి బాధ్యత అప్పగించండి. దుకాణం ఎవరు చూస్తారు, నాన్న మందులు ఎవరు తెస్తారు, అత్యవసరమైతే ఆశ్రమానికి ఎలా ఫోన్ చేయాలి, అన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి.

6. ఒళ్లు సిద్ధం చేసుకోండి. రోజూ అరగంట నేలమీద కూర్చోండి. రాత్రి భోజనం తేలిక చేయండి. పడుకునే గంట ముందే ఫోన్ పక్కన పెట్టండి.

అక్కడ ఉన్న రోజుల్లో

పక్కవారితో పోల్చుకోకండి. జర్మనీనుంచి వచ్చినాయన రాయిలా కూర్చున్నాడని మీరు కుంగిపోనక్కర్లేదు. ఆయన లోపల ఏ తుపాను నడుస్తోందో మీకు కనిపించదు. ఒక పద్ధతి నేర్చుకునేటప్పుడు పాత పద్ధతులను కలపకండి. ఇంట్లో జపం, పూజ అలవాటున్నా ఆ కొద్దిరోజులు గురువు చెప్పినదాన్నే చేసి చూడండి. సందేహం వస్తే గురువును అడగండి. మధ్యలో వెళ్లిపోవాలనిపిస్తే ఆ నిర్ణయం మర్నాటి ఉదయానికి వాయిదా వేయండి. ఆరోగ్యం నిజంగా చెడితే మాత్రం దాచకుండా అప్పుడే చెప్పండి.

మీకు అప్పగించిన పనిని ధ్యానంతో సమానంగా చేయండి. మరుగుదొడ్డి కడగడం మీ వంతు వస్తే సంతోషంగా కడగండి. ఇంట్లో అమ్మ రోజూ చేసే చాకిరీ విలువ చాలామందికి తెలిసొచ్చేది అలాంటప్పుడే.

తిరిగొచ్చాక

శిబిరం అసలు పరీక్ష మీ వాకిట్లో మొదలవుతుంది. ఎర్రగుడి శాసనంలో అశోకుడు కొలమానం కూడా ఇచ్చాడు. తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణుల పట్ల దయ, సత్యం పలకడం, గురువును గౌరవించడం, బంధువులతో తగినట్టు మెలగడం. ఎన్ని గంటలు కూర్చోగలరన్న లెక్క అందులో లేదు. మీ సాధన ఫలించిందో లేదో మీ ఇంట్లోవాళ్లను అడగండి. కోపం తగ్గిందని వాళ్లంటే తగ్గినట్టే.

చూసొచ్చిన దేశం గురించి గొప్పలు చెప్పకండి. ఎవరికీ బోధించడానికి తొందరపడకండి. ఉదయం, సాయంత్రం సాధన కొనసాగించండి. విపశ్యన పరంపరలో రోజుకు రెండుసార్లు గంట చొప్పున కూర్చోమని, వారానికోసారి తోటి సాధకులతో కలిసి కూర్చోమని చెబుతారు. ఈ రెండో సలహాను చాలామంది వదిలేస్తారు. దాంతో తెచ్చుకున్న క్రమశిక్షణ కొన్ని నెలల్లోనే జారిపోతుంది.

అందుకే అన్నిటికన్నా ముఖ్యమైన పని ఒకటి చెబుతాను. మీ ఊళ్లో చిన్న బృందం కట్టండి. ముగ్గురు చాలు. ఆదోనిలో ఒకరి మేడమీద, ఎమ్మిగనూరులో ఒకరి మగ్గం గదిలో, ఆదివారం ఉదయం గంటసేపు మౌనంగా కూర్చోండి. తర్వాత ధమ్మపదంలో ఒక పేజీ చదివి, అది మీ పనిలో, ఇంట్లో ఎలా వర్తిస్తుందో మాట్లాడుకోండి. ఒకరు రాకపోతే మిగతా ఇద్దరూ వెళ్లి పలకరించండి. విదేశాలకు వెళ్లే స్తోమత ఉన్నా లేకపోయినా ఈ పని ఎవరైనా చేయగలరు. అలా ఏడాది నిలిచిన బృందంలోంచి ఒకరు కోపన్‌కు వెళ్తే, వాళ్లు నేర్చుకొచ్చింది మిగతావాళ్లందరికీ అందుతుంది.

మీకు తెలిసినవాళ్లలో ధ్యానం మొదలుపెట్టి మానేసిన ఇద్దరు ఇప్పటికే మీకు గుర్తొచ్చి ఉంటారు. ఈ ఆదివారానికి వాళ్లను పిలవండి.