కారు కప్పు మీద అడ్డకడ్డీలు: బిగింపులోని శాస్త్రం

బరువు మోయడం గురించి మనవాళ్ళకు ఎవరూ కొత్తగా పాఠం చెప్పనక్కరలేదు. కావడి భుజాన వేసుకునే మనిషి రెండు కుండల్లోనూ నీళ్ళు సమంగా ఉన్నాయో లేదో చూసుకుంటాడు. నెత్తిన గంప ఎత్తుకునే ఆవిడ ముందుగా గుడ్డతో చుట్టకుదురు చేసుకుంటుంది. ఎడ్లబండిలో బస్తాలు వేసే రైతు, బరువంతా కాడి మీద పడకుండా, అలాగని బండి వెనక్కి లేవకుండా సర్దుకుంటాడు. ఇంత తెలివీ కారు దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో తెలియదు! పండగలకు ఊళ్ళకు బయలుదేరే కార్లను చూడండి. కప్పు మీద ఎత్తుగా సామాను, దాని చుట్టూ ఒక నైలాన్ తాడు, ఆ పైన దేవుడి మీద భారం.

నేను తరగతిలో భౌతికశాస్త్రం చెప్పుకునేవాణ్ణి, మెకానిక్‌ను కాను. అయినా మా ఇంటి కారుకు అడ్డకడ్డీలు (క్రాస్‌బార్లు అంటే అందరికీ తెలుస్తుంది) ఇంటి ముందే బిగించుకున్నాను. మా అబ్బాయి టేపు పట్టుకున్నాడు, నేను కీ తిప్పాను. గంటలో పని అయిపోయింది. పని చిన్నదే గాని, డిగ్రీ మొదటి సంవత్సరపు బలవిజ్ఞానం దాదాపు అంతా అందులో ఉంది. విద్యార్థి మిత్రులకు అదే చెప్పాలని ఈ వ్యాసం.

గట్టరు పోయింది, చిక్కు వచ్చింది

పాత అంబాసిడర్ కారు కప్పు అంచున రెండు పక్కలా వాననీరు జారడానికి ఒక గాడి ఉండేది. దాన్ని గట్టరు అనేవారు. కప్పు రేకూ పక్క రేకూ కలిపి వెల్డింగు చేసిన అంచు కావడంతో అది గట్టిగా ఉండేది. క్యారియర్ కాళ్ళను ఆ గాడిలో నిలబెట్టి, కింద కొక్కెం తగిలించి నట్టు బిగిస్తే చాలు. ఏ కారుకైనా దాదాపు అదే పద్ధతి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అంతకు ఎంతో ముందే కొత్త కార్ల కప్పులు నున్నగా మారి, గట్టర్లు మాయమయ్యాయి.

ఇప్పటి కార్లలో ముఖ్యంగా నాలుగు రకాల కప్పులున్నాయి. కప్పు పొడవునా కింద సందు వదిలి ఎత్తుగా నిలిచిన పట్టాలున్నవి మొదటి రకం. పట్టాలు కప్పుకు అంటిపెట్టుకుని ఉండేవి రెండవ రకం. చిన్న మూతల కింద బోల్టు రంధ్రాలుండేవి మూడవ రకం. ఇక ఏమీ లేని బోడి కప్పు నాలుగవ రకం. దీనికి తలుపు పైచట్రాన్ని పట్టుకునే క్లాంపులు కావాలి. అందుకే తయారీదారులు ఒక్కో మోడల్‌కు ఒక్కో బిగింపు సరంజామా విడిగా ఇస్తారు. పక్కింటివారి కారుకు సరిపోయింది మనకూ సరిపోతుందని కొనుక్కోకూడదు.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. మన రోడ్ల మీద తిరిగే చాలా వాహనాల పైన కనిపించే పట్టాలు అలంకారానికి అతికించినవే. చూడటానికి లోహంలా మెరుస్తాయి, లోపల ప్లాస్టిక్. చేత్తో తట్టి తేల్చుకోకండి. కారుతో వచ్చిన పుస్తకంలో కప్పు మీది బరువు గురించి ఏం రాశారో చదవండి. పరిమితి అంకె ఇవ్వకపోయినా, బరువు పెట్టవద్దని రాసినా, ఆ పని అక్కడితో ఆపేయాలి.

బరువు పోయే దారి

దుకాణంలో అందరూ అడిగే ప్రశ్న, "ఈ కడ్డీ ఎంత మోస్తుందండీ?" అని. అడగవలసింది అది కాదు. కడ్డీ ఒక మధ్యవర్తి మాత్రమే. సామాను బరువు కడ్డీలోకి, కడ్డీ నుంచి దాని కాలిలోకి, కాలి నుంచి క్లాంపులోకి, అక్కడి నుంచి కప్పు చట్రంలోకి దిగుతుంది. ఈ దారిలో అన్నిటికంటే తక్కువ ఓర్చుకునేది ఏదో, దాని పరిమితే మొత్తానికి పరిమితి. కడ్డీ మీద 75 కిలోలని అచ్చువేసి ఉండవచ్చు. కారు పుస్తకం 50 అంటే లెక్క 50కే. ఆ యాభైలోనూ కడ్డీల బరువు కలిసే ఉంటుంది. కడ్డీలు 6 కిలోలైతే మనకు మిగిలేది 44. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు రెండు పెట్టడానికి వీల్లేదన్నమాట.

"మా వాడు పైకెక్కి నిలబడ్డా ఏమీ కాలేదు" అంటారు కొందరు. నిలిచి ఉన్న కారు మీద నిజంగానే ఏమీ కాకపోవచ్చు. పరిమితి పెట్టింది కదిలే కారు కోసం. కదిలే కారు మీద బరువు మూడు దిక్కులకు బలం చూపిస్తుంది.

ఒకటి, కిందికి. కారు గుంతలో పడి లేచే క్షణంలో కప్పు గురుత్వ త్వరణమంత త్వరణంతో పైకి వచ్చిందనుకోండి. ఆ క్షణానికి 44 కిలోల సామాను 88 కిలోల సామానులా నొక్కుతుంది.

రెండు, ముందుకు. గట్టిగా బ్రేకు వేస్తే కారు గురుత్వ త్వరణంలో 0.8 వంతు దాకా మందగించవచ్చు. అప్పుడు 44 కిలోల సామాను సుమారు 35 కిలోల బరువంత బలంతో ముందుకు తోసుకుపోవాలని చూస్తుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, సొంత బరువు వల్ల కలిగే ఘర్షణ ఆపగలిగేది 13 కిలోల బరువంత. మిగతా 22 తాడే ఆపాలి.

మూడు, వెనక్కీ పైకీ. ఇది గాలి పని. మీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టె మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గాలి సుమారు 7 కిలోల బరువంత బలంతో తోస్తుంది. వేగం 100కు పెంచితే అది 19 అవుతుంది. వేగం రెట్టింపు కూడా కాలేదు, బలం మాత్రం రెండున్నర రెట్లు దాటింది. గాలి బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని బోర్డు మీద రాసేది ఇదే. ఇక పరుపు, ప్లైవుడ్ షీటు లాంటి పలకటి సామాను కిందికి గాలి దూరిందంటే, విస్తరాకు లేచినట్టు లేస్తుంది.

వీటికి తోడు గరిమనాభి సంగతి ఒకటుంది. వెయ్యి కిలోల కారు గరిమనాభి నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 160 సెంటీమీటర్ల ఎత్తున 50 కిలోలు పెడితే అది 60 సెంటీమీటర్లకు చేరుతుంది. అయిదు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. మలుపులో కారు పక్కకు ఒరిగేటప్పుడు ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

బిగించే పద్ధతి

ముందు కప్పు కడిగి పొడిగా తుడవండి. రబ్బరు మెత్త కింద ఇసుక రేణువు ఉండిపోతే, ప్రయాణం పొడుగునా అది రంగును గీకుతూనే ఉంటుంది. సామాన్లన్నీ పాత దుప్పటి మీద పరిచి, కాగితంలోని జాబితాతో సరిచూసుకోండి. ఎడమకాలు, కుడికాలు, ముందుకడ్డీ, వెనుకకడ్డీ వేర్వేరుగా ఉంటాయి. తారుమారు చేయకూడదు.

తరువాత కొలతలు. ముందు అద్దం పై అంచు నుంచి మొదటి కడ్డీ ఎంత దూరంలో ఉండాలో, రెండు కడ్డీల మధ్య ఎంత ఎడం ఉండాలో సూచనల కాగితంలో ఉంటుంది. కంటి అంచనా పనికిరాదు. టేపుతో కొలిచి, రంగు పాడుచేయని కాగితపు టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. కుడిపక్క కొలత, ఎడమపక్క కొలత సమానంగా రావాలి. కడ్డీ ఒక వైపు ఎక్కువగా పొడుచుకు రాకూడదు.

ఇక బిగింపు. ఒక పక్క పూర్తిగా బిగించి, ఆ తరువాత రెండో పక్కకు పోవద్దు. ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు తిప్పుతూ రండి. ఎంత బిగించాలో న్యూటన్ మీటర్లలో ఇస్తారు. ఉదాహరణకు 6 న్యూటన్ మీటర్లు అని ఉంటే, 15 సెంటీమీటర్ల పొడవున్న అలెన్ కీ చివర సుమారు 4 కిలోల బరువంత బలం చాలు. చిన్న పిల్లవాడైనా ఆ బలం వేయగలడు! "ఇంకొంచెం బిగిస్తే మంచిదే" అని బలమంతా చూపిస్తే మరలు చెడుతుంది, లేదా కప్పు రేకు సొట్టపడుతుంది. టార్కు రెంచి దొరికితే అనుమానమే ఉండదు.

అయిపోయాక తలుపులన్నీ తెరిచి మూసి చూడండి, ఏ తలుపూ క్లాంపుకు తగలకూడదు. కడ్డీని పట్టుకుని నాలుగు దిక్కులా ఊపండి. కారంతా స్ప్రింగుల మీద ఊగాలి తప్ప, కడ్డీ తన చోటు నుంచి కదలకూడదు. మొదటి 50 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగింపు చూసుకోవాలి. రబ్బరు మెత్తలు అణిగి కాస్త వదులవడం సహజం. సామానుతో కలిపి కారు ఎత్తు కొలిచి, ఆ అంకె స్టీరింగు దగ్గర అంటించుకోండి. అపార్టుమెంటు సెల్లార్ దూలం మనల్ని అడిగి తగలదు.

సామాను కట్టడం

బరువైనవి కారు లోపల, తేలికైనవి పైన. పైన పెట్టినవాటిలో బరువైనది మధ్యన, రెండు కడ్డీల మీదా సమంగా పడేటట్టు ఉండాలి. సామాను మీదుగా కనీసం రెండు చోట్ల పట్టీలు బిగించాలి. పొడవైన సామానైతే ముందుకు జరగకుండా ఒకటి, వెనక్కి జరగకుండా ఒకటి విడిగా కట్టాలి. కొక్కేలున్న రబ్బరు తాళ్ళు సాగుతాయి. గాలి లాగినప్పుడు అవి సామానుకు చోటిస్తాయి గనక వాటిని నమ్మకూడదు. అరగంట ప్రయాణం చేశాక ఒకసారి ఆగి చూసుకోవడం అలవాటు చేసుకోండి. అవసరం తీరిన తరువాత కడ్డీలు విప్పి ఇంట్లో పెట్టుకుంటే గాలి నిరోధం తగ్గి, ఇంధనమూ ఆదా అవుతుంది. ఇంకొక మాట. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహనాల మార్పులకు సంబంధించినది. కనుక శాశ్వతంగా క్యారియర్ బిగించే ముందు రవాణా కార్యాలయంలో విచారించడం మంచిది.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, ఊడిన సామాను మన మీద పడదు. వెనక వచ్చేవాడి మీద పడుతుంది. ఆ వెనక వచ్చేవాడు మన దేశంలో చాలాసార్లు మోటారు సైకిలు మీద, భార్యాబిడ్డలతో వస్తూ ఉంటాడు. మన క్లాంపు బిగింపు మీద అతని ప్రాణం ఆధారపడి ఉందని అతనికి తెలియదు. తెలియవలసింది మనకు. పరీక్షలో సూత్రం తప్పు రాస్తే పోయేవి రెండు మార్కులు. రోడ్డు మీద అదే సూత్రానికి సప్లిమెంటరీ ఉండదు. కాబట్టి మిత్రులారా, తరగతిలో నేర్చిన బలాల లెక్కను ఈసారి ఊరికి బయలుదేరే ముందు, మీ కారైనా సరే, మీ మామయ్యగారి కారైనా సరే, టేపు, అలెన్ కీ చేతపట్టుకుని ఒకసారి చేసి చూడండి.