చిగుర్చుట, మొవ్వు వేయుట, వర్ధిల్లుట

పఠన భాగము : 92వ కీర్తన

ఫాల్గుణ మాసము వచ్చుసరికి ఖరగపూరు చుట్టునున్న ఎర్రనేలలలో మోదుగచెట్లు ఆకు రాల్చి కొమ్మకొమ్మకు పూయును. ఆ రైల్వే పట్టణమందలి తెలుగు ఇండ్లలో పెద్దవారు దానిని చూచి "మోదుగ పూసింది" అందురు. అదే నోట "పిల్లవాడికి నోరు పూసింది" అనియు అందురు. ఒకటి కన్నులకు పండుగ. మరియొకటి అన్నము ముట్టనీయని పుండు. క్రియ మాత్రము ఒక్కటే. కంటి నల్లగ్రుడ్డుపై తెల్లని మచ్చ కట్టినను దానిని పువ్వు అనియే తెలుగువారు పిలిచిరి. లోపల దాగియున్నది పైకి పొడుచుకొని వచ్చుట అను భావము ఈ వాడుకలన్నిటిలోను కలదు. వచ్చినది మేలో కీడో ఆ మాట చెప్పదు.

హెబ్రీ భాషలోని 'పారఖ్' అను క్రియ సరిగా ఇట్టిదే. అహరోను కఱ్ఱ ఒక్క రాత్రిలో చిగిర్చిన సందర్భమునను (సంఖ్యా. 17:8), ఎడారి పూయుననిన ప్రవచనమునను (యెషయా 35:1, 2) ఈ మాటయే ఉన్నది. అయితే ఐగుప్తీయుల దేహములమీద దద్దురులు పొక్కినప్పుడును (నిర్గమ. 9:9), కుష్ఠము చర్మమంతట వ్యాపించినప్పుడును (లేవీ. 13:12) మోషే గ్రంథము వాడినది ఈ మాటనే. యెహెజ్కేలు గర్వము పూచినదని చెప్పుచు దీనినే ఎత్తుకొనెను (7:10). లేవీయకాండమును గ్రీకులోనికి మార్చిన ప్రాచీన అనువాదకులు కుష్ఠము విషయమున 'పువ్వు' అను నామమునుండి పుట్టిన క్రియనే వాడిరి. నేటి వైద్యులు ఒంటిమీది దద్దురును ఎగ్జాంథెమ్ అనుటకు మూలము ఆ గ్రీకు మాటయే. తెలుగు అనువాదములో ఈ చోట్ల పూయుట కనబడదు; పొక్కుట, వ్యాపించుట వంటి మాటలు వచ్చినవి. అర్థము స్పష్టమైనది, సందేహము లేదు. కాని నోరు పూయుట ఎరిగిన అవ్వకు మూలభాషలోని మాట వింతగా తోచియుండదు.

హబక్కూకు 3:17లో మరియొక చిక్కు కలదు. అంజూరము పూయకపోయినను అని ప్రవక్త చెప్పుచున్నాడు. అంజూరపు పువ్వులు కాయ లోపలనే దాగియుండును, బయటికి కనబడవు. దాని బంధువైన మేడిచెట్టు పువ్వు ఎవరికిని కనబడదని మన పల్లెలలోను వాడుక. గ్రీకు అనువాదకులు ఇచ్చట పూయుటను విడిచి, ఫలించుట అని వ్రాసిరి. వారు చెట్టును చూచి అనువదించిరో, వాక్యముయొక్క తాత్పర్యమును చూచి అనువదించిరో!

ఇక 92వ కీర్తన. ఇందులో 'పారఖ్' మూడుమారులు వచ్చును. 7వ వచనములో భక్తిహీనులను గూర్చి, గడ్డిని పోలికగా చెప్పి వాడబడినది. 12వ వచనములో నీతిమంతులను గూర్చి, ఖర్జూర వృక్షము పోలికతో వాడబడినది. 13వ వచనములో దేవుని ఆవరణములలో ఉండువారిని గూర్చి మరల వచ్చినది. మన తెలుగు బైబిలు మొదటిచోట చిగుర్చుట అనియు, రెండవచోట మొవ్వు వేయుట అనియు, మూడవచోట వర్ధిల్లుట అనియు మూడు మాటలు పెట్టినది. దీనివలన లాభమును కలదు, నష్టమును కలదు. భక్తిహీనుని అభివృద్ధిని నీతిమంతుని అభివృద్ధిని కీర్తనకారుడు కావలెననియే ఒకే మాటతో చెప్పెను. చూచువానికి రెండును పచ్చగానే కనబడును. వర్షము పడిన వారములో గడ్డి పచ్చదనమే ఎక్కువ కూడను. భక్తిపరుని కలతపెట్టునది ఈ పోలికయే. మాటలు వేరైనప్పుడు తెలుగు పాఠకునికి ఆ కలత తప్పిపోవుచున్నది. మూడవచోటనైతే వర్ధిల్లుట అనగానే చెట్టే మరుగైపోయి, సంపదయు సంతానమును మనస్సునకు వచ్చును.

అయినను 'మొవ్వు' అను మాటను ఏరినవారికి తెలుగు సంఘము ఋణపడియున్నది. గడ్డిని పశువులు మేసినను, కొడవలి కోసినను, అది మొదటినుండి మరల చిగుర్చును. ఖర్జూర జాతి చెట్టు అట్లుకాదు. దాని ఎదుగుదల యంతయు తలలోనున్న ఒక్క మొవ్వునందే ఉన్నది. అది నరకబడిన మానునకు మరియొక చిగురు లేదు. ఖరగపూరువారికి దీనిని పుస్తకములో చూపనక్కరలేదు. మేదినీపుర ప్రాంతమంతట ఖేజూరు చెట్లు కలవు. అవి మన ఈతచెట్లే. బైబిలులోని ఖర్జూరమునకు దగ్గరి చుట్టములు. శీతకాలమున గీతగాడు చెట్టెక్కి, మొవ్వు క్రిందుగా ఒక ప్రక్క చెక్కి, రసము పట్టి, దానిని కాచి బెల్లము వండుదురు. ఏటేట గాయమగుచునే యుండును, చెట్టు బ్రదుకుచునే యుండును. కత్తి మొవ్వునకు తగులకుండ చూచుకొనుటయే ఆ పనివాని నేర్పు.

13వ వచనములో నాటబడుట అను అర్థము గల హెబ్రీ పదము 'షాతూల్'. ఒకచోట మొలచినదానిని తెచ్చి మరియొకచోట నాటుట అని దానికి పలువురు పండితులు అర్థము చెప్పుదురు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కర్మాగారము 20వ శతాబ్ది ఆరంభమున ఖరగపూరులో నెలకొన్న తరువాత, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనికై వెళ్లి స్థిరపడిన కుటుంబములు ఈ పదమును తమ బ్రదుకులోనే ఎరుగును. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా హోదా నిచ్చుటకు తీర్మానించినది. అయినను ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో హిందీయో బంగ్లాయో ఇంగ్లీషో చదువు పిల్లలకు తెలుగు బైబిలులోని 'మొవ్వు' కొరుకుడుపడని మాట. 'వర్ధిల్లుట' అని మార్చి చెప్పిన ఉపాధ్యాయుడు పని సులువు చేసికొనును. అట్లు చేయక, పిల్లలను వెలుపలికి తీసికొనిపోయి, గాట్లు పడిన ఒక ఖేజూరు చెట్టును చూపి, గీతగాడు ముట్టక విడిచిన ఆ తల ఏదో వారినే చెప్పుమని అడుగవచ్చును.