బడిపద్దు ఎచ్చట నిర్ణయమగును?

‘మా బడికి నిధులేల చాలవు?’ అని పంచాయతీ సభ్యులు మమ్ము తరచు ప్రశ్నించుచుందురు. జవాబును హైదరాబాదులోని అమీర్‌పేట నుండి మొదలిడుదము.

అచ్చటి మైత్రీవనం చుట్టుపట్లగల శిక్షణాకేంద్రములను మన పల్లెలలో ఎరుగనివారు అరుదు. కంప్యూటరు విద్యకై మన యువకులు అచ్చట చెల్లించు రుసుము ప్రభుత్వ విద్యావ్యయములో చేరదు. అది తల్లిదండ్రుల సొంత ఖర్చు. అయినను నమోదైన కేంద్రములు వసూలుచేయు రుసుముపై 18 శాతము వస్తుసేవల పన్ను గలదు. అందు సగము కేంద్రమునకు, సగము రాష్ట్రమునకు చెందును. పక్కనున్న పంజాగుట్ట నగల దుకాణములలో బంగారముపై పడు 3 శాతము పన్నును ఇట్లే రెండు పాళ్లగును. ఇట్టి పన్నులు రాష్ట్ర ఖజానాకు చేరిన పిదపనే బడులకు, ఆసుపత్రులకు, రహదారులకు పంపకమగును. నగర వ్యాపారము మందగించినచో మారుమూల బడికిని ఆ సెగ తగులును.

రాబడి ఒక్కటియే కారణము కాదు. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చినది. 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకమున మన రాష్ట్రమునకు వ్యయము 60:40 నిష్పత్తిలో నిర్ణయింపబడినది. కేంద్రము 60 రూపాయలిచ్చుటకు రాష్ట్రము 40 రూపాయలు చూపవలెను.

విద్యాశాఖ పద్దులో అధికభాగము జీతములే. దీనిని దుబారా యనుట తగదు. పంతులు లేని బడి వట్టి గోడలే గదా! అయితే జీతములు పోగా గదుల మరమ్మతులకు, మరుగుదొడ్లకు మిగులునది స్వల్పము. జీతముల మొత్తము ఉపాధ్యాయుల సంఖ్యను బట్టి, ఆ సంఖ్య పిల్లల సంఖ్యను బట్టి ఉండును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము 1 నుండి 5 తరగతులలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుండి 90 వరకు ముగ్గురు ఉపాధ్యాయులుండవలెను. 65 మంది గల బడినుండి పదిమంది ప్రైవేటు బడి బస్సెక్కినచో మూడవ ఉపాధ్యాయుని స్థానమునకు ఆధారము పోవును. ఉపాధ్యాయుడు తగ్గినచో మరికొందరు వెడలిపోవుదురు.

ఇందు పంచాయతీకి చట్టమే చోటు కల్పించినది. 9వ విభాగము ప్రకారము తన పరిధిలోని 14 ఏండ్లలోపు పిల్లల వివరములను స్థానిక సంస్థ ఉంచవలెను. మూడువంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు గల బడి యాజమాన్య సంఘములో స్థానిక సంస్థల సభ్యులకును స్థానము గలదు. ఆ సంఘము సిద్ధపరచు అభివృద్ధి ప్రణాళికయే నిధుల మంజూరుకు ఆధారమని 22వ విభాగము చెప్పుచున్నది. ‘గది కావలెను’ అని ఊరక వ్రాసిన కోరికను తోసివేయుట సులభము. ఏ తరగతిలో ఎందరు చేరుదురో లెక్కకట్టి చూపిన ప్రణాళికను తోసివేయుట కష్టము. అంగన్‌వాడీ పట్టికను పక్కన పెట్టుకొనినచో వచ్చే జూన్ నాటి ఒకటవ తరగతి లెక్క ఈనాడే తేలును.