కంది జన్యుపటం – ఒక పరిచయం



ఇరవై ఒకటవ శతాబ్దం జీవశాస్త్రానిదని పెద్దలంటారు. క్రోమోజోములు, డి.ఎన్.ఎ. గురించి మనం పదవ తరగతిలోనే చదువుకున్నాం. ఆ డి.ఎన్.ఎ.ను శాస్త్రవేత్తలు ఎలా చదువుతారో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

జీనోం అంటే ఏమిటి?

ఒక జీవి కణంలోని మొత్తం డి.ఎన్.ఎ.ను జీనోం అంటారు. అది ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో రాసిన పుస్తకం వంటిది. క్రోమోజోములు దాని సంపుటాలు. మనిషికి 23 జతల క్రోమోజోములు, ఒక వరుసలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. వరికి 12 జతలు, సుమారు 39 కోట్లు. గోధుమకు 21 జతలు, సుమారు 1,600 కోట్లు. అంటే మన కంటే ఐదు రెట్లు! మన అడవుల్లో కుక్కలా అరిచే మంట్‌జాక్ అనే జింక ఉంది. అందులో ఆడదానికి 6 క్రోమోజోములే. దాని దగ్గరి చుట్టమైన చైనా మంట్‌జాక్‌కు 46. కాబట్టి అంకెను చూసి ఏ జీవినీ గొప్పదనీ, తక్కువదనీ అనలేం.

ముక్కల నుండి క్రోమోజోము

క్రోమోజోమును ఈ కొస నుండి ఆ కొస వరకు ఒకేసారి చదివే యంత్రం లేదు. ఒకే పుస్తకం ప్రతులు యాభై తీసుకొని, ముక్కలుగా చింపి, కలిపేశారనుకోండి. ఒక ముక్క చివరి మాటలు, మరో ముక్క మొదటి మాటలు కలిసిన చోట అతికిస్తూ పోవాలి. ఈ పని కంప్యూటర్లు చేస్తాయి.

చిక్కు ఎక్కడంటే, డి.ఎన్.ఎ.లో ఒకే వరుస మళ్లీ మళ్లీ వస్తుంది, పాటలో పల్లవిలాగా. చేతిలోని ముక్కలో పల్లవి మాత్రమే ఉంటే అది ఏ చరణం తరువాతదో చెప్పలేం. అందుకే 2003లో పూర్తయిందని ప్రకటించిన మానవ జీనోంలో సుమారు 8 శాతం ఖాళీగా మిగిలింది. వేల అక్షరాలను ఒకే ముక్కగా చదివే యంత్రాలు వచ్చాక, 2022లో ఆ ఖాళీలు నిండాయి. వై క్రోమోజోము 2023లో పూర్తయింది.

మన కంది కథ

కంది మెట్ట భూముల పంట, పేదవాడి మాంసకృత్తులు. చాలాకాలం పెద్ద పరిశోధనలకు నోచుకోక 'అనాథ పంట' అనిపించుకుంది. మా అమ్మ ఇప్పటికీ కంది చేలో కూలికి వెళ్తుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. "నీ చదువు చేనుకు పనికొస్తుందా?" అని అమ్మ అడిగితే ఈ కథే చెప్పాను.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో 'ఆశ' అనే కంది రకం జీనోంను చదివి 2011లో ప్రచురించారు. 11 జతల క్రోమోజోములున్న కంది జీనోం సుమారు 83 కోట్ల అక్షరాలు. అందులో 73 శాతం వరకు అప్పుడు అతికించగలిగారు. 48,680 జన్యువులను గుర్తించారు.

దీనివల్ల లాభమేమిటి? కందిని ఎండు తెగులు, వెర్రి తెగులు దెబ్బతీస్తాయి. తట్టుకునే మొక్క ఏదో తెలియాలంటే తెగులు సోకేదాకా నెలలు ఆగాలి. తట్టుకునే జన్యువు ఏ క్రోమోజోముపై ఎక్కడుందో తెలిస్తే, లేత మొక్క ఆకును పరీక్షించి చెప్పవచ్చు. కొత్త వంగడం త్వరగా రైతుకు చేరుతుంది.

తమ్ముళ్లారా! ఈ రంగంలో బైపీసీ వారికే కాదు, కంప్యూటర్, గణితం చదివేవారికీ చోటుంది. కంది జీనోం అక్షరాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని తెరవడానికి ఎవరి సిఫారసూ అక్కరలేదు.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ