సైదమ్మ అని రాయించు బిడ్డా

బిడ్డా,

"అత్తా, ఎవ్వరికీ లేని పేరు కావాలె. నువ్వు టీచరువి కద, నాలుగు పేర్లు రాసి పంపు" అని అడిగినవు. నాలుగు పంపుతలేను, ఒక్కటే పంపుతున్న. సైదమ్మ. మీ నాయనమ్మ పేరు. ఫోన్ల చెప్తే "అబ్బ, అత్తా" అని మాట మారుస్తవు, అందుకే కాగితం మీద పెట్టిన. పిల్ల పండుకున్నప్పుడు నిమ్మళంగ చదువు.

నువ్వు పంపిన లిస్టు చూసిన. పేర్లు చెవికి ఇంపుగనే ఉన్నయి. కానీ అండ్ల సగం పేర్లు నేను రిటైరయ్యే ముందు ఒకటో తరగతి హాజరు పట్టీల రాసినవే. ఎవ్వరికీ ఉండొద్దని అందరూ ఒక్క జాబితానే చూసుకుంటే, ఒక్క తరగతిలనే ముగ్గురికి అదే పేరు పడుతది. కొత్తల్ల నేను నేరేడుచర్ల దిక్కు బడిల చేరినప్పుడు సంగతి వేరే. "సైదులు" అని పిలిస్తే బల్ల బల్లకు ఒకడు "ఉన్న సార్" అని లేచేది. ఆడ టీచరునైనా నన్ను సార్ అనే పిలిచేది పిల్లలు. పొడుగు సైదులు, చెరువుకట్ట సైదులు, బాయికాడి సైదులు అని పట్టీల పక్కన గుర్తు రాసుకునేదాన్ని. ఆడపిల్లలల్ల సైదమ్మలు ఉండేది. నా కొలువు అయిపోయేనాటికి సైదులు ఒకరిద్దరు మిగిలిన్రు, సైదమ్మ ఒక్కతి లేదు. నువ్వు వెతుకుతున్న అరుదైన పేరు మనింట్లనే ఉన్నది.

అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకు ఎవరూ సరిగ్గ చెప్పి ఉండరు. పాలకవీడు మండలంల జాన్‌పహాడ్ దర్గా ఉన్నది కద, ఇప్పుడు సూర్యాపేట జిల్లా, 2016 దాక మన ఉమ్మడి నల్లగొండే. అక్కడ సమాధైన జాన్‌పాక్ షహీద్‌ను మన జనం సైదులు అని పిలుచుకున్నరు. సయ్యద్ అన్న మాట మన నోట్లె పడి సైదు అయింది. రాముణ్ణి రాములు అన్నట్టు, సైదుకు మర్యాదగ "లు" చేర్చి సైదులు అన్నరు. ఆడపిల్లకు "అమ్మ" కలిపిన్రు. అంతే, ఇండ్ల పండితులు చేసిన పని ఏం లేదు. పిల్లలు కలగనోళ్లు, కలిగినా దక్కనోళ్లు ఆ గుమ్మం ముందల మొక్కుకున్నరు, బిడ్డ దక్కితే ఆ పేరే పెట్టుకున్నరు.

మా అమ్మమ్మకు ముందుగాల పుట్టినోళ్లు దక్కలేదు. అటువంటి ఇండ్లల్ల కొందరు బిడ్డను పెంటకుప్ప మీద పండబెట్టి తీసుకొచ్చి పెంటమ్మ, పెంటయ్య అని పెట్టేది, దిష్టి తగలొద్దని. మా అమ్మమ్మ మాత్రం కచ్చురం కట్టించుకొని జాన్‌పహాడ్ పోయి మొక్కింది. ఆ తర్వాత మా అమ్మ పుట్టింది, దక్కింది. పుట్టువెంట్రుకలు అక్కడే ఇచ్చి, యాటను కోసి కందూరు చేసి, ఊరోళ్లకు బువ్వ పెట్టి సైదమ్మ అని పిలిచిన్రు. అంటే బిడ్డా, మీ నాయన, నేను, నువ్వు, ఇప్పుడు నీ పొత్తిళ్లల్ల ఉన్న పిల్ల, మనందరం ఆ మొక్కు వెనుకనే వచ్చినోళ్లం.

జనవరి నెలాఖరుకు అక్కడ మూడు రోజుల ఉర్సు అయితది, శుక్రవారం గంధం ఊరేగిస్తరు. చిన్నప్పుడు అమ్మతోని పోయేదాన్ని. మొదలు సపాయి బావి కాడ నీళ్లు పోసుకునేది. తడి వెంట్రుకలతోనే అమ్మ అక్కడి నాగేంద్రుని పుట్టకు మొక్కి, ఆ తర్వాత దర్గాలకు పోయి ముజావర్ చేతికి మలీద గిన్నె ఇచ్చేది. ఆయన ఫాతెహా చదివి, ఒక పిడికెడు ఉంచుకొని తిరిగి ఇచ్చేది. రొట్టెను బెల్లంతోని నలిపిన ఆ మలీదల ఊదు పొగ వాసన పట్టి ఉండేది. ఇంటికొచ్చినాంక కూడ ఆ వాసన అమ్మ కొంగుకు ఉండేది. పుట్టకు మొక్కిన చేతులతోనే దర్గా గడప తాకేది, ఆమెకు అవి రెండు పనులు అని ఎన్నడూ తోచలేదు.

మీ అత్తమ్మ "తురకోళ్ల పేరు మనకెందుకు" అన్నదని చెప్పినవు. ఆమె మీద కోపం తెచ్చుకోకు. ఆమెది మన దిక్కు కాదు, ఆమె ఆ పేరు ఇంట్ల వినలేదు. మెల్లగ చెప్పు. మన హుజూర్‌నగర్, మిర్యాలగూడ, కోదాడ దిక్కు సైదయ్య ఉంటడు, సైదులు గౌడ్ ఉంటడు, తండాల సైదా నాయక్ ఉంటడు. 2019 ఉప ఎన్నికల హుజూర్‌నగర్‌ల గెలిచిన ఎమ్మెల్యే పేరు శానంపూడి సైదిరెడ్డి. కులం మారితే పేరు తోక మారింది గాని తల మారలేదు. కృష్ణ దాటి పల్నాడుకు పో, అక్కడా సైదాలు, సైదారావులు ఉంటరు. ఇంకా కిందికి నెల్లూరు పోతే కసుమూరు మస్తాన్ వలీ పేరు మీద మస్తానయ్యలు, మస్తానమ్మలు. యూట్యూబ్‌ల వంట చేసి లోకమంతటికీ తెలిసిన గుంటూరు జిల్లా అవ్వ మస్తానమ్మనే కద. ఆమె పేరు విని ఎవరన్నా మతం అడిగిన్రా, ఆమె చేసిన కూర చూసిన్రా?

మన తెలంగాణల ఇది అన్ని గుట్టలకూ ఉన్న పద్ధతే. యాదగిరిగుట్ట పేరు మీద యాదమ్మ, యాదయ్య. దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల స్వామికి మొక్కినోళ్ల ఇండ్లల్ల లింగమ్మ, లింగయ్య. పాలమూరు దిక్కు పోతే కురుమూర్తి స్వామి పేరున కురుమయ్య, కురుమమ్మ, అలంపురం తల్లి పేరున జోగులమ్మ. మనిషి పేరు చెప్తే ఏ జాతరకు పోయేటోడో తెలిసేది. హైదరాబాదు బస్సుల "సైదులూ" అని ఎవరన్నా పిలిస్తే పక్క సీటాయన "ఏ ఊరు, మిర్యాలగూడనా, హుజూర్‌నగరా" అని అడుగుడు నేను విన్న. నీ లిస్టుల ఉన్న పేరు విని అట్ల ఎవరూ ఊరు అడగరు. నాకు దాని మీద కోపం లేదు, దిగులున్నది.

"మోటుగ ఉంటది అత్తా" అన్నవు. ఐలమ్మ అన్న పేరు కూడ అట్ల మోటుగనే వినిపిస్తది కద. అది ఐలోని మల్లన్న పేరు మీద వచ్చిన పేరు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిల విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురుతిరిగి తన పంటను తాను ఇంటికి తెచ్చుకున్న ఐలమ్మది ఆ పేరే. 2024ల కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టిన్రు. ఇప్పుడు ఆడపిల్లలు ఆ పేరున్న చోటనే చదువుకుంటున్నరు. 1931ల కర్విరాల కొత్తగూడెంల ఒక బిడ్డ పుడితే, గాంధీ సత్యాగ్రహంల పాల్గొన్న చుట్టాలు స్వరాజ్యం అని పెట్టుమన్నరు. ఆ రోజుల్ల ఆడపిల్లకు అది ఎంత వింత పేరో చూడు. ఆ మల్లు స్వరాజ్యమే తెలంగాణ సాయుధ పోరాటంల దళం నడిపింది, 1978ల, 1983ల తుంగతుర్తి నుంచి అసెంబ్లీకి పోయింది. పేరు మోటో నాజూకో ముందుగాల ఎవరూ చెప్పలేరు, మోసే మనిషిని బట్టి అది తయారయితది.

అయినా పిల్లకు కష్టం ఉండదని నేను అబద్ధం చెప్పను. బడిల నవ్వేటోళ్లు ఉంటరు. పదో తరగతి నామినల్ రోల్స్ పోయే నెలల ఎంతమంది పిల్లలు నా టేబుల్ కాడ నిలబడి "సార్, సైదులు తీసేసి సాయి అని రాయున్రి" అని అడిగిన్రో. తండ్రి సంతకం ఉంటే రాసిన, లేకుంటే ఆపిన. ఒక పిల్లగాడు మాత్రం తండ్రి ఒప్పుకున్నా మార్చుకోలేదు. ఎందుకురా అంటే "మా అవ్వ ఏడుస్తది సార్" అన్నడు. వానికి ఆ పేరు కథ తెలుసు, మిగిలినోళ్లకు ఎవరూ చెప్పలేదు. అందుకని పేరు పెట్టి ఊరుకోకు. పిల్లకు మూడు నాలుగేండ్లు వచ్చినప్పటి నుంచి చెప్పు, ఉర్సుకు తీసుకురా, మలీద దాని చేతుల పెట్టించు. పద్దెనిమిదేండ్లు నిండినాంక అదే గెజిట్‌ల మార్చుకుంటనంటే అడ్డుపడకు. అది దాని ఇష్టం, నేను బతికి ఉంటే నేనూ అడ్డుపడను.

ఇంకొక సంగతి గట్టిగ చెప్తున్న. ఇంట్ల పిలవడానికి సైదమ్మ, సర్టిఫికెట్‌ల ఇంకొకటి అనే ఉపాయం చేయకు. అట్ల పెట్టిన పేరు పిలిచే ముసలోళ్లతోనే పోతది. మా అమ్మకు పేరు ఒక్కటే ఉన్నా రేషన్ కార్డుల సాయిదమ్మ అని, పింఛన్ పుస్తకంల శైదమ్మ అని రాసిన్రు. చదువు రాదు గనుక ఆమె ఎన్నడూ దిద్దించుకోలేకపోయింది, వేలిముద్ర వేసి వచ్చేది. ఒకసారి ఆ తేడా పట్టుకొని పింఛన్ ఆపితే మండలం దాక ఎన్ని తిరుగుళ్లు తిరిగినమో మీ నాయన్ను అడుగు. నీ బిడ్డకు ఆ తిప్పలు రావొద్దు. తెలుగుల, ఇంగ్లీషుల అక్షరాలు ఇప్పుడే తేల్చుకో, అన్ని కాగితాల మీద అవే ఉండాలె. సైదాన్వి, సైదికా అని కొత్త తోకలు కుట్టకు, సైదమ్మ అంటే సైదమ్మే.

తొందర పడాల్సిన పని లేదు. దవాఖానల పుట్టింది గనుక జననం 21 రోజుల్ల వాళ్లే రిజిస్టర్ చేయిస్తరు, అప్పుడు పేరు లేకున్నా పరవాలేదు. 12 నెలల లోపల పైసా కట్టకుండ పేరు రాయించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏండ్ల దాక ఆలస్య రుసుము కట్టి రాయించొచ్చు గాని, అంత దూరం పోనియ్యకు. 2023 అక్టోబరు 1 నుంచి చట్టం మారింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా, ఓటుకైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ జనన పత్రమే ఆధారం. దాన్ల ఏ పేరుంటే ఆ పేరే బతుకంత వెంట వస్తది.

అల్లుడితోని ముందు మాట్లాడు, తర్వాత మీ అత్తమ్మతోని. మీ ఆడబిడ్డను మాత్రం మరువకు. తొట్టెల్ల వేసిననాడు బిడ్డ చెవుల పేరు పిలిచేది మేనత్త, అంటే ఆమెనే. ఆ రోజు నలుగురిల ఆమెకు కొత్తగ చెప్తే తడబడుతది, చిన్నబుచ్చుకుంటది. వారం ముందే ఇంటికి పోయి, నాయనమ్మ కథంత చెప్పి, "వదినా, నువ్వే పిలవాలె" అని అడుగు. కావాలంటే ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు.

మీ అత్త