కారు మీద లోతైన గీతలు – బాగుచేసే విధానం

కారుకు గీత పడితే మనవాళ్లు సాధారణంగా రెండు మాటలంటారు. "పోనిద్దూ, గీతేగా" అనేది ఒకటి. "అయ్యో, ఇంక డోరంతా రంగు వేయించాల్సిందే" అనేది రెండోది. ఈ రెండు మాటలకీ మధ్య తెలుసుకోదగిన శాస్త్రం చాలా ఉంది. దానిని నేను పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాని నిజంగా నేర్చుకున్నది మా మావయ్య టాక్సీని పాడుచేసిన తర్వాతనే. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉన్నా, మీకు పనికొస్తుందని చెబుతున్నాను.

మా మావయ్యది విశాఖపట్నం. ఆ తెల్ల టాక్సీయే వాళ్ల ఇంటికి ఆధారం. నేను మెకానికల్ రెండో సంవత్సరంలో ఉండగా సెలవులకు వెళ్లి, సందులో సైకిలు తిప్పుతూ హ్యాండిల్ చివరి ఇనుముతో వెనక డోరును జానెడు పొడవున గీరేశాను. రేకు తళుక్కుమంది. మావయ్య భోంచేసి పడుకున్నాడు. ఎవరూ చూడలేదు గదా అని ఊరుకున్నాను. నాలుగో రోజుకి ఆ గీత గోధుమరంగుకు తిరిగింది. అప్పుడు భయం వేసి, చిన్న ఎనామిల్ డబ్బా కొనుక్కొచ్చి బ్రష్షుతో రెండు పూతలు వేసేశాను. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. నేను నిశ్చింతగా హాస్టలుకు తిరిగొచ్చాను.

గీత లోతు ఎంత?

ఇప్పటి కారు రేకు మీద ఒకే రంగు ఉండదు, పొరలుంటాయి. రేకుకు ముందు ఫాస్ఫేట్ ద్రావణంతో శుద్ధి జరుగుతుంది. తర్వాత విద్యుత్తు సాయంతో పట్టించే పూత, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన గాజులాంటి క్లియర్ కోటు. ఇన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రానులే. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రానులనుకుంటే, రెండు వెంట్రుకల మందం అన్నమాట. మావయ్య బండిని ఎండ నుంచి, వాన నుంచి, ఉప్పుగాలి నుంచి కాపాడేది ఆ రెండు వెంట్రుకలే!

కాబట్టి గీత పొడవు కాదు, లోతు చూడాలి. గీత మీద నీళ్లు చల్లండి. కనబడకుండా పోతే అది క్లియర్ కోటులోనే ఉంది. పాలిష్‌తో పోతుంది. గోరు అడ్డంగా లాగితే తట్టుకున్నదంటే లోతుగా ఉన్నట్టు. లోపల బూడిదరంగు కనిపిస్తే ప్రైమరు దాకా వెళ్లింది. మెరుపుగాని గోధుమరంగుగాని కనిపిస్తే రేకు బయటపడింది. ఇక ఆలస్యం పనికిరాదు.

తుప్పు పాకే తీరు

రంగు లేనిచోట తుప్పు పట్టడం అందరికీ తెలిసినదే. రంగు ఉన్నచోట కూడా ఎందుకు పడుతుంది? ఇక్కడే మన కెమిస్ట్రీ పాఠం పనికొస్తుంది. గీత దగ్గర ఇనుము ఎలక్ట్రానులను వదిలి అయానుగా మారుతుంది. ఆ ఎలక్ట్రానులు రేకు గుండా పక్కకు పోయి, రంగు అంచు కింద చేరిన నీటితో, ఆక్సిజన్‌తో కలిసి హైడ్రాక్సిల్ అయానులనిస్తాయి. అంటే అక్కడ క్షారగుణం పెరుగుతుంది. ఆ క్షారం రంగుకూ రేకుకూ ఉన్న పట్టును విడదీస్తుంది. ఖాళీ అయిన చోటికి మళ్లీ నీరు చేరుతుంది. ఇలా తుప్పు కొంచెం కొంచెంగా లోపలికి పాకుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పైన రంగు పొక్కులా లేస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పు నీటికి విద్యుద్వాహకతను పెంచి ఈ పనిని ఇంకా తొందర చేస్తుంది. జింకు పూతున్న రేకైతే జింకు తాను కరిగి ఇనుమును కొంతకాలం కాపాడుతుంది. ప్లాస్టిక్ బంపరుకైతే ఈ బాధే లేదు.

రెండు వర్షాకాలాలు గడిచాక నేను మళ్లీ వెళ్లేసరికి ఆ డోరు మీద పొక్కులు లేచి ఉన్నాయి. మావయ్యతోపాటు టింకరింగ్ షెడ్డుకి వెళ్లాను. మేస్త్రీ స్క్రూడ్రైవరుతో ఒత్తి చూశాడు. అది లోపలికి దిగిపోయింది.

"తుప్పు మీదే రంగు కొట్టేశాడండీ ఎవడో" అన్నాడు మేస్త్రీ.

ఇంక దాచలేకపోయాను. "నేనే, మావయ్యా" అన్నాను.

మావయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఒరేయ్, ఆ రోజే చెప్పుంటే ఒక పూటలో తేలిపోయేదిరా. ఇప్పుడు బండి మూడు రోజులు ఇక్కడే ఉండాలి" అన్నాడు. మూడు రోజులంటే మూడు రోజుల సంపాదన. ఆయన తిట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

బాగుచేసే క్రమం

ఆ మూడు రోజులూ షెడ్డులోనే ఉండి పని చూశాను. చిల్లు పడిన చోట లప్పం పెడితే లాభం లేదు. ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగు చేశారు. చిల్లు పడని లోతైన గీతకు పని ఈ వరసలో జరుగుతుంది.

మొదట సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మైనం, జిడ్డు తుడిచెయ్యాలి. జిడ్డు తీయకుండా గీకితే అది గీతలోకే దిగుతుంది. తర్వాత 320 నంబరు పేపరుతో మొదలుపెట్టి, తుప్పు పోయి రేకు మెరిసేదాకా రుద్దాలి. చుట్టూ రంగు అంచు చేతికి తగలకుండా ఏటవాలుగా రావాలి. సన్న గుంటల్లో తుప్పు మిగిలితే ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన మందు రాస్తారు. డబ్బా మీద రాసినట్టే దాన్ని శుభ్రం చేయాలి. ఆమ్లం మిగిలిపోతే పై పూత సరిగ్గా పట్టదు.

బట్టబయలు రేకు మీద ఎపాక్సీ ప్రైమరు. అది ఆరాక, లోతు ఇంకా కనిపిస్తే పల్చగా లప్పం. లప్పంలో కలిపే గట్టిపరిచే మందు ఎక్కువైతే తర్వాత పై రంగులో మరక తేలుతుంది. లప్పం నీటిని పీల్చుకుంటుంది, కాబట్టి దాన్ని పొడిగానే రుద్దాలి. తడిపి రుద్దితే తుప్పుకు మనమే నీళ్లు పోసినట్టు! దాని మీద మళ్లీ ప్రైమరు వేసి, 600 లేదా 800 నంబరు పేపరుతో నున్నగా చేయాలి.

రంగు పలుచని పూతలుగా వేయాలి. ఒక పూత ఆరాకనే మరొకటి. ముసురు పట్టిన రోజున వేయకూడదు. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు పాలిపోతుంది. తెలుపులోనూ రకాలున్నాయి. బండి మీద ఉండే రంగు కోడు చూసి తెచ్చినా, ఎండకు వెలిసిన పాత రంగుతో పోల్చి చూసుకోవాలి. చివరికి క్లియర్ కోటు. అది బాగా గట్టిపడ్డాక సన్నని వాటర్ పేపరు, ఆపైన రబ్బింగ్ కాంపౌండు.

ఒక్క హెచ్చరిక. రెండు భాగాలు కలిపి వాడే క్లియర్ కోటు గట్టిపరిచే మందులో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి పొగమంచు పీలిస్తే ఉబ్బసం రావచ్చు. దానికి ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు కావాలి. ఆ పని ఇంటిదగ్గర మనం చేయరాదు. రుద్దేటప్పుడు కూడా దుమ్ము లోపలికి పోకుండా మాస్కు పెట్టుకోవాలి.

మరి అప్పటికప్పుడు మనం చేయగలిగినదేమిటి? గీతను కడిగి, ఆరబెట్టి, తుప్పు రాకముందే కొంచెం ప్రైమరు, కొంచెం టచప్ రంగు అద్దితే చాలు. అందం తర్వాత చూసుకోవచ్చు, ముందు రేకుకు గాలీ నీరూ తగలకూడదు. అంతకన్నా ముందు చేయవలసిన పని మరొకటుంది మిత్రులారా. బండి ఎవరిదో వాళ్లకు ఆ రోజే చెప్పెయ్యండి.