తోటని జీతంతో కలిపి లెక్కెయ్యకు

ఇచ్ఛాపురం

మేనల్లుడా,

విశాఖలో ఫ్లాటు చూశావని మీ అమ్మ చెప్పింది. దాచుకున్నదంతా ముందు కట్టేసి, తక్కువైనదానికి కోడలుపిల్ల నగలు తాకట్టు పెట్టి, మిగతాది ఇరవయ్యేళ్ల బ్యాంకు అప్పుగా తీసుకుంటావట. నెలవాయిదాలో కొంత జీతంలోంచీ, కొంత కవిటి కొబ్బరితోట రాబడిలోంచీ కడతావట. సొంతిల్లు వద్దని నేననను. ఆ లెక్కలోకి తోటా, నగలూ వచ్చిన తీరు చూస్తేనే భయమేసింది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు తీరం దాటుతూ మన ఉద్దానం తోటల్ని పడగొట్టేసింది. ఐదేళ్లలో మూడు. తిత్లీ అప్పుడు నువ్వు చదువుకుంటూ దూరంగా ఉన్నావు, చెట్లు పడిన సంగతే విన్నావు. తరవాత జరిగింది చెబుతాను.

అప్పటిదాకా మన ఇళ్లలో కష్టమొస్తే అన్నదమ్ములో, వియ్యంకుడో, పక్కింటివాళ్లో సర్దేవారు. ఒకరికి పోతే పదిమందికి ఉంటుందన్న ధీమా అది. తిత్లీ పొద్దున ఆ పదిమంది చెట్లూ కలిసే పడ్డాయి. తోట పోతే కూలికి పని లేదు, కూలికి పని లేకపోతే అంగట్లో బేరం లేదు, బేరం లేని అంగడివాడు అరువివ్వలేడు. చేబదులు అడగడానికి ఏ గుమ్మం ఎక్కాలో తెలియలేదు. పడిన చెట్లు కోయించడానికీ డబ్బే కావాలి. మళ్లీ మొక్క నాటితే దేశవాళీ కొబ్బరి కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. బ్యాంకు వాయిదా అన్నాళ్లు ఆగుతుందా? ఆ రోజుల్లో నేను చూసిందేమిటంటే, ఎకరాలెక్కువున్న ఇళ్లకంటే కట్టాల్సిన వాయిదాలు తక్కువున్న ఇళ్లే ముందుగా తేరుకున్నాయి.

అందుకే తోట డబ్బు వచ్చిన ఏడాది దానితో అసలు కొంత తీర్చు. నెలవాయిదా మాత్రం ఒక్క జీతంతో కట్టగలిగినంతే పెట్టుకో. ఫ్లాటు చిన్నదవుతుంది, అయితే అవనీ.

జీతమూ ఆగిన రోజులున్నాయి మరి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్ దగ్గర పడవల్లోనే చిక్కుకుపోయారు. ఇక్కడ వలకి చేప తగ్గిందని అంతదూరం పోయినవాళ్లు వాళ్లు. అప్పుడు రిజర్వు బ్యాంకు ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చంది. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. ఆర్నెల్ల ఇంటిఖర్చూ, వాయిదాలూ కలిపి బ్యాంకులో విడిగా ఉంచాకే ఇల్లు రిజిస్టరు చేయించు. ఎక్కువ వడ్డీ ఇస్తామని తెలిసినవాళ్లొచ్చి అడిగినా ఆ డబ్బు కదపకు. అగ్రిగోల్డ్‌లో లక్షలమంది సొమ్ము చిక్కుకున్నదీ ఊళ్లో తెలిసిన ఏజెంట్ల చేతుల మీదుగానే.

ఇంట్లో నోట్లు దాచడం సంగతి ఎటూ తేలేది కాదు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు బీరువాలో దాచుకున్నవాళ్లు బ్యాంకు ముందు వరస కట్టారు. రెండేళ్లు తిరక్కుండా తిత్లీ వచ్చి కరెంటు పోతే, ఏటీఎంలు పనిచెయ్యక, చేతిలో నోటున్నవాడే కొవ్వొత్తి కొనుక్కోగలిగాడు. నేనైతే వారం పదిరోజుల ఖర్చుకి చిన్ననోట్లు ఉంచుతాను, మిగతాది బ్యాంకులోనే.

నగలు ముట్టుకోకు. మన గాలికి చెట్టు పడుతుంది, ఇల్లు పడుతుంది, బంగారం ధర పడదు. అది తేలేది ప్రపంచ బజారులో. తిత్లీ తరవాత మీ అత్త గొలుసు బ్యాంకులో పెడితేనే మాకు ఆ ఏడాది గడిచింది. ఆ అవకాశాన్ని నువ్వు ముందే వాడేసుకుంటే, రేపు తుఫానొచ్చిన రోజున తాకట్టుకి ఏం మిగులుతుంది? ఆ నగలు కోడలుపిల్లవి కూడా. ఈ లెక్క ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని వేశావో లేదో మీ అమ్మ చెప్పలేదు.

ఇంకొకటి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. మారే వడ్డీకి తీసుకున్నవాళ్లకి వాయిదా సొమ్మో, కట్టాల్సిన ఏళ్లో పెరిగాయి. బ్యాంకువాళ్లిచ్చిన కాగితాలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. వడ్డీ రెండు శాతం పెరిగితే నీ వాయిదా ఎంతవుతుందో వాళ్లచేతే రాయించి పంపు. అడ్వాన్సు ఇచ్చేలోపే పంపాలి సుమా.



మీ మావయ్య